దగ్గు రెండు వారాలు దాటిందా? సిరప్ మార్చడం కాదు.. కళ్లె పరీక్ష కావాలి! టీబీ ఎందుకింత ఆలస్యంగా బయటపడుతోంది?

మొదట మామూలు దగ్గే. మెడికల్ షాపులో సిరప్ తీసుకుంటారు. తగ్గదు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఓ ఇంజెక్షన్, ఐదు రోజులకు యాంటీబయాటిక్. కాస్త తగ్గినట్టే ఉంటుంది. పది రోజులకు మళ్లీ మొదలు. ఈసారి ఇంకో డాక్టర్, ఇంకో యాంటీబయాటిక్, "డస్ట్ అలర్జీ అయి ఉంటుంది" అనే మాట. ఈలోగా ప్యాంటు వదులవుతుంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది. "ఏంట్రా ఇలా సన్నబడ్డావ్" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. చివరికి ఎవరో ఒకరు చిన్న డబ్బా చేతికిచ్చి "కళ్లె తీసుకురా" అనేసరికి రెండు మూడు నెలలు అయిపోతాయి.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. మన దగ్గర టీబీ.. అంటే క్షయ.. బయటపడే తీరు చాలావరకు ఇలాగే ఉంటుంది. జబ్బుకు మందు లేక కాదు, ఆ మందు ఉచితమే. పరీక్ష లేక కూడా కాదు, గంట రెండు గంటల్లో తేల్చేసే యంత్రాలు ఇప్పుడున్నాయి. మరి ఎక్కడ ఆగిపోతోంది? మొదటి దగ్గుకీ, సరైన పరీక్షకీ మధ్యనున్న ఆ కొన్ని వారాల్లోనే.

గడువు దాటింది.. లెక్కలు ఏం చెబుతున్నాయి?

2018 మార్చిలో ఢిల్లీలో జరిగిన టీబీ సదస్సులో ప్రధాని మోదీ ఒక లక్ష్యం ప్రకటించారు. ప్రపంచం 2030కి పెట్టుకున్న టీబీ నిర్మూలన లక్ష్యాన్ని భారత్ ఐదేళ్లు ముందుగా, 2025కే చేరుకుంటుందని. 2025 వచ్చింది, వెళ్లింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం మన దేశంలో 2015లో లక్ష జనాభాకు 237 కొత్త టీబీ కేసులుంటే, 2024కి అవి 187కి తగ్గాయి. అంటే 21 శాతం తగ్గుదల. ఇదే కాలంలో ప్రపంచం మొత్తం మీద తగ్గింది దాదాపు 12 శాతమే. కాబట్టి మనం ఏమీ చేయలేదు అనడం కరెక్ట్ కాదు. కానీ లక్ష్యం 80 శాతం తగ్గించడం. అక్కడికి ఇంకా చాలా దూరం ఉంది. ఇప్పటికీ ప్రపంచంలో ప్రతి నలుగురు టీబీ రోగుల్లో ఒకరు భారతీయులే.

మరణాల లెక్క ఇంకా ఇబ్బంది పెడుతుంది. లక్షకు 28 నుంచి 21కి తగ్గాయి. వినడానికి బాగానే ఉంది. కానీ మన జనాభాతో గుణిస్తే ఏడాదికి దాదాపు 3 లక్షల మంది. ఆరు నెలల ఉచిత మందులతో నయమయ్యే జబ్బు ఇది.

ప్రభుత్వ లెక్కల్లోనే మరో మాట ఉంది. 2024లో 26 లక్షలకు పైగా టీబీ రోగులను గుర్తించి నమోదు చేశారు. ఉన్నవాళ్లలో 90 శాతం పైనే మందుల దాకా వస్తున్నారట. మరి అంతమందికి చికిత్స అందుతుంటే ఇన్ని మరణాలు ఎందుకు? ఒక ప్రధాన కారణం.. వాళ్లు మందుల దాకా వస్తున్నారు, కానీ ఎప్పుడు వస్తున్నారు అన్నది. ఊపిరితిత్తి సగం పాడైపోయి, బరువు 35 కిలోలకు పడిపోయాక మొదలుపెట్టిన మందుకూ, దగ్గు మొదలైన మూడో వారంలో మొదలుపెట్టిన మందుకూ చాలా తేడా ఉంటుంది. "గుర్తించాం" అనే అంకెలో ఈ తేడా కనిపించదు.

అసలు ఊపిరితిత్తిలో ఏం జరుగుతుంది?

టీబీకి కారణం మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే బ్యాక్టీరియా. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ దీన్ని కనుగొన్నట్టు ప్రకటించింది 1882 మార్చి 24న. అందుకే ఏటా ఆ రోజు ప్రపంచ టీబీ దినోత్సవం జరుపుతారు.

ఇది గాలి ద్వారా వస్తుంది. జబ్బు ఉన్న మనిషి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు వచ్చే సన్నటి తుంపరల్లో ఈ బ్యాక్టీరియా ఉంటుంది. గాలి ఆడని గదుల్లో అది గంటల తరబడి తేలుతూ ఉంటుంది. కంచం, గ్లాసు, దుప్పటి ద్వారా రాదు. ఇళ్లల్లో ఇప్పటికీ టీబీ వచ్చినవాళ్లకు కంచం వేరు పెడతారు, కిటికీలు మాత్రం మూసేస్తారు! చేయాల్సింది సరిగ్గా దానికి రివర్స్.

బ్యాక్టీరియా లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. రోగనిరోధక శక్తి దాన్ని చుట్టుముట్టి బంధించేస్తుంది. అలా నిద్రాణంగా ఉన్నవాళ్లలో జీవితకాలంలో 5 నుంచి 10 శాతం మందికే జబ్బుగా మారుతుంది. ఎవరికి ఎక్కువ ఛాన్స్ అంటే.. సరైన తిండి లేనివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, మద్యం ఎక్కువగా తీసుకునేవాళ్లు. రాతి క్వారీలు, క్రషర్లు, పలకల పరిశ్రమల్లో దుమ్ము పీల్చేవాళ్లకు కూడా ముప్పు ఎక్కువే. ఆ దుమ్ముతో సిలికోసిస్ వస్తే దాని వెనకే టీబీ వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది.

మామూలు బ్యాక్టీరియల్ న్యుమోనియాతో పోలిస్తే దీని నడక వేరు. న్యుమోనియా దాదాపుగా రోజుల్లో ముదురుతుంది. ఒక్కసారిగా తీవ్ర జ్వరం, వణుకు, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం. మనిషి మంచం పడతాడు, ఇంట్లోవాళ్లు భయపడి ఆస్పత్రికి తీసుకెళ్తారు. టీబీ అలా భయపెట్టదు. ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. మామూలు బ్యాక్టీరియాలు చాలావాటికి అరగంట చాలు. అందుకే మనిషి పనికి వెళ్తూనే ఉంటాడు, ఆటో నడుపుతూనే ఉంటాడు, పత్తి ఏరుతూనే ఉంటుంది. దగ్గుతూనే.

యాంటీబయాటిక్‌తో "తగ్గింది".. అదే అసలు ప్రమాదం

ఇక్కడ ఒక్క విషయం కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే దీని గురించి చాలామందికి తెలీదు.

దగ్గు తగ్గట్లేదని వెళ్తే చాలాచోట్ల సులువుగా రాసిచ్చే యాంటీబయాటిక్స్‌లో లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ ఉంటాయి. వీటిని ఫ్లోరోక్వినోలోన్లు అంటారు. ఇవి మామూలు బ్యాక్టీరియాతో పాటు టీబీ బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తాయి. బాగుంది కదా అనుకోవద్దు. ఒక్క మందు, అదీ ఐదారు రోజులు వాడితే టీబీ చావదు. కొంచెం అణుగుతుంది, అంతే. జ్వరం తగ్గుతుంది, దగ్గు తగ్గుతుంది, రోగి హ్యాపీ, డాక్టరూ హ్యాపీ. ఆ సమయంలో కళ్లె పరీక్ష చేసినా బ్యాక్టీరియా సంఖ్య పడిపోయి ఉంటుంది కాబట్టి దొరక్కపోవచ్చు. కొన్ని వారాలకు జబ్బు మళ్లీ పైకి లేస్తుంది. ఈలోపు ఇంట్లో ఇంకెంతమందికి అంటిందో!

ఇంకో దెబ్బ కూడా ఉంది. మందులకు లొంగని మొండి టీబీకి ఆరు నెలల కొత్త చికిత్సను 2024 సెప్టెంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆమోదించింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్.. ఈ నాలుగు మందులు కలిపి. పైన చెప్పిన పేర్లలో ఒకటి ఇక్కడ కూడా కనిపిస్తోంది చూడండి. ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన మందును మనం దగ్గుకు, గొంతునొప్పికి వాడేస్తున్నాం.

మందుల షాపు అన్నను తిట్టి లాభం లేదు. పీహెచ్‌సీకి వెళ్తే ఒక పూట కూలి పోతుంది. షాపులో ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. 2019-21 మధ్య జరిగిన జాతీయ టీబీ సర్వేలో తేలింది కూడా ఇదే. టీబీ లక్షణాలు ఉన్నవాళ్లలో దాదాపు 64 శాతం మంది అసలు ఏ వైద్యం కోసమూ వెళ్లలేదు.

మైక్రోస్కోప్ నుంచి జీన్ టెస్ట్ దాకా..

టీబీ పరీక్షల పేర్లు వింటే గందరగోళంగా ఉంటాయి. కానీ ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది అని గుర్తుపెట్టుకుంటే సులువు.

అన్నిటికంటే పాతది మైక్రోస్కోప్ పరీక్ష. కళ్లెను గాజు పలక మీద పలచగా పూసి, ఎర్ర రంగు పట్టించి, తర్వాత యాసిడ్‌తో కడుగుతారు. టీబీ బ్యాక్టీరియా గోడ మైనం లాంటి కొవ్వుతో ఉంటుంది కాబట్టి యాసిడ్ పోసినా రంగు వదలదు. రిపోర్టులో 'ఏఎఫ్‌బీ' అని రాసేది దీన్నే. చవక, ఎక్కడైనా చేయొచ్చు. కానీ ఒక మిల్లీలీటర్ కళ్లెలో 5 వేల నుంచి 10 వేల బ్యాక్టీరియాలు ఉంటే గానీ కంటికి కనపడవు. అంటే జబ్బు కొంత ముదిరాకే దొరుకుతుంది. పైగా ఆ బ్యాక్టీరియా మందులకు లొంగుతుందా లేదా అన్నది మైక్రోస్కోప్ చెప్పలేదు.

ఇక్కడే జీన్ పరీక్షలు ఆట మార్చేశాయి. వీటిలో సీబీనాట్ అని మన ఆస్పత్రుల్లో పిలిచేది ఒకటి. అసలు పేరు జీన్ఎక్స్‌పర్ట్. 2010 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. కళ్లెను ఒక ప్లాస్టిక్ కాట్రిడ్జ్‌లో పోసి యంత్రంలో పెడితే, అందులోని బ్యాక్టీరియా డీఎన్‌ఏను వెతికి రెట్టింపులు చేసి చూపిస్తుంది. మిల్లీలీటర్‌కు వంద చిల్లర బ్యాక్టీరియాలున్నా పట్టేస్తుంది. కొత్తగా వచ్చిన అల్ట్రా కాట్రిడ్జ్ అయితే ఇంకా తక్కువకే దొరకబుచ్చుకుంటుంది. రెండు గంటల్లోపే రిజల్ట్. అంతేకాదు, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ అనే మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో లేదో కూడా అప్పుడే చెప్పేస్తుంది.

రెండోది ట్రూనాట్. ఇది మన దేశంలో తయారైంది. గోవాలోని మోల్‌బయో, బెంగళూరులోని బిగ్‌టెక్ సంస్థలు దీన్ని తీర్చిదిద్దాయి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఓకే చెప్పింది. సీబీనాట్‌కు ఏసీ గది, ఆగని కరెంటు కావాలి. ట్రూనాట్ బ్యాటరీ మీద నడుస్తుంది. కాబట్టి పీహెచ్‌సీలో కూడా పెట్టొచ్చు. కోవిడ్ టైమ్‌లో ఈ రెండు యంత్రాలనూ కరోనా పరీక్షలకు వాడారు. అప్పట్లో ఊళ్లలో "ట్రూనాట్‌లో పాజిటివ్ వచ్చింది" అనే మాట వినే ఉంటారు. ఆ యంత్రమే ఇది.

మరి ఇన్ని సుగుణాలున్నాయి కదా, దగ్గు ఉన్న ప్రతి ఒక్కరికీ మొదటి పరీక్షే ఇది చేయొచ్చు కదా? జాతీయ కార్యక్రమం మార్గదర్శకాలు కూడా అటువైపే వెళ్తున్నాయి. అయినా చాలాచోట్ల ఇంకా మొదట మైక్రోస్కోపే. కారణం డబ్బు, సరఫరా. యంత్రం ఉంటే సరిపోదు, ప్రతి పరీక్షకూ ఒక కాట్రిడ్జో చిప్పో ఖర్చవుతుంది. స్టాక్ అయిపోతే యంత్రం ఓ బొమ్మే. పేద, మధ్యాదాయ దేశాలకు ఇచ్చే ఒక్కో కాట్రిడ్జ్ ధరను 2023 సెప్టెంబర్‌లో కంపెనీ సుమారు 10 డాలర్ల నుంచి 7.97 డాలర్లకు తగ్గించింది. అది కూడా ప్రపంచవ్యాప్తంగా ఏళ్ల తరబడి ఉద్యమం చేస్తే. 5 డాలర్లకే ఇవ్వొచ్చని ఆరోగ్య సంఘాల వాదన. నా ఉద్దేశంలో 'ఎన్ని యంత్రాలు కొన్నాం' అని చెప్పే ప్రభుత్వాలను 'ఎంతమందికి మొదటి పరీక్షే జీన్ టెస్ట్ చేశారు' అని అడగాలి. జిల్లాల వారీగా అడగాలి.

రిపోర్ట్ చేతికొచ్చాక కంగారు పడేది ఇక్కడే

జీన్ టెస్ట్ రిపోర్టులో రెండు లైన్లు ఉంటాయి. మొదటిది 'ఎంటీబీ డిటెక్టెడ్' లేదా 'నాట్ డిటెక్టెడ్'. ఎంటీబీ అంటే టీబీ బ్యాక్టీరియా. డిటెక్టెడ్ అంటే ఉంది అని. రెండో లైన్ 'రిఫ్ రెసిస్టెన్స్'. అక్కడ 'నాట్ డిటెక్టెడ్' అని ఉంటే శుభవార్తే. మామూలు ఆరు నెలల మందులు పనిచేస్తాయని అర్థం. చాలామంది ఆ 'రెసిస్టెన్స్' అనే పదం చూసి మొండి టీబీ వచ్చేసిందని హడలిపోతారు. పక్కనున్న 'నాట్' చూడరు.

ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. ఇది డీఎన్‌ఏను వెతుకుతుంది, బతికున్న బ్యాక్టీరియాను కాదు. కాబట్టి ఇంతకుముందు టీబీ వచ్చి నయమైనవాళ్లలో చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ మిగిలి ఉంటే దాన్నీ పట్టుకుని 'ఉంది' అనొచ్చు. అందుకే మందులు వాడుతున్న మనిషికి తగ్గిందా లేదా చూడ్డానికి మళ్లీ పాత మైక్రోస్కోప్‌నో, కల్చర్‌నో ఆశ్రయిస్తారు.

కల్చర్ అంటే కళ్లెలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం. ఇప్పటికీ అత్యంత నమ్మకమైన పరీక్ష ఇదే. కానీ ఇందాక చెప్పినట్టు ఇది మహా నెమ్మదిగా పెరిగే బ్యాక్టీరియా. ద్రవ మాధ్యమంలో 'లేదు' అని తేల్చడానికి 42 రోజులు ఎదురుచూడాలి. ఇక లైన్ ప్రోబ్ పరీక్ష ఐసోనియాజిడ్ లాంటి ఇంకో ముఖ్యమైన మందుకు బ్యాక్టీరియా లొంగుతుందో లేదో చెబుతుంది. సీబీనాట్‌లో రిఫాంపిసిన్ ఓకే అని వచ్చినా ఐసోనియాజిడ్‌కు లొంగని రకం ఉండొచ్చు. కాబట్టి రెండో శాంపిల్ ఎందుకు అడుగుతున్నారని విసుక్కోవద్దు.

రక్త పరీక్షలో తెలీదా?

టీబీ మీద వీడియో పెట్టిన ప్రతిసారీ మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. సూటి జవాబు.. ఊపిరితిత్తుల టీబీ ఉందని తేల్చడానికి రక్త పరీక్ష లేదు. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ అని చెప్పే కిట్లు ఒకప్పుడు మన దేశంలో విచ్చలవిడిగా అమ్మారు. వాటి ఫలితాలు నమ్మదగినవి కావని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 2012 జూన్‌లో కేంద్రం వాటిని నిషేధించింది.

'ఇగ్రా' అనే రక్త పరీక్ష, చేతి మీద సూదితో చేసే మాంటూ పరీక్ష ఇప్పటికీ ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. కానీ అవి చెప్పేది వేరే. మీ శరీరం ఎప్పుడైనా టీబీ బ్యాక్టీరియాను ఎదుర్కొందా అన్నది మాత్రమే. ఇప్పుడు జబ్బు ఉందా అన్నది కాదు. మన దేశంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 31 శాతం మందికి ఆ ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు జాతీయ సర్వే చెబుతోంది. వీళ్లలో చాలామందికి ఆ పరీక్షలు పాజిటివ్ వస్తాయి. దాన్ని పట్టుకుని ఆరు నెలల కోర్సు మొదలుపెట్టేస్తే ఎలా?

దగ్గే లేదు.. కానీ టీబీ ఉంది!

ఇప్పటిదాకా దగ్గు గురించే మాట్లాడుకున్నాం. కానీ ఈ మధ్య బయటపడ్డ అసలు షాక్ ఇది. జాతీయ సర్వేలో ఇంటింటికీ తిరిగి లక్షణాలు అడగడంతో పాటు ఛాతీ ఎక్స్‌రే కూడా తీశారు. ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే 42.6 శాతం కేసులు చేజారిపోయేవి.

2024 డిసెంబర్ 7న మొదలైన వంద రోజుల టీబీ ప్రచార కార్యక్రమంలోనూ ఇదే కనిపించింది. 347 జిల్లాల్లో ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లను పరీక్షించారు. చేత్తో పట్టుకెళ్లే చిన్న ఎక్స్‌రే యంత్రాలు, ఫిల్మ్ చూసి నీడను గుర్తించే ఏఐ సాఫ్ట్‌వేర్ వాడారు. కేంద్రం ప్రకటించిన లెక్క ప్రకారం మొత్తం 7.19 లక్షల మంది రోగులు బయటపడితే, వాళ్లలో 2.85 లక్షల మందికి ఏ లక్షణమూ లేదు. పదిమందిలో నలుగురన్నమాట.

అయితే ఎక్స్‌రే ఒక్కటే చూసి టీబీ అని ముద్ర వేయకూడదు. ఎక్స్‌రేలో కనిపించే తెల్లటి నీడ పాత టీబీ మచ్చ కావొచ్చు, న్యుమోనియా కావొచ్చు, ఫంగస్ కావొచ్చు, క్యాన్సర్ కూడా కావొచ్చు. మామూలుగా టీబీ ఊపిరితిత్తి పైభాగంలో ఎక్కువగా కనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో కింది భాగంలోనూ రావొచ్చు, అప్పుడు న్యుమోనియా అని పొరబడటం తేలిక. ఎక్స్‌రే అనుమానం పుట్టిస్తుంది, కళ్లె దాన్ని తేలుస్తుంది.

ఉమ్మి కాదు.. కళ్లె

ఎంత ఖరీదైన యంత్రమైనా డబ్బాలో పోసిన దాన్ని బట్టే ఉంటుంది రిజల్ట్. అక్కడ కూడా బోలెడు కేసులు తప్పిపోతున్నాయి. చాలామంది నోట్లోని ఉమ్మి పట్టి ఇస్తారు. అందులో బ్యాక్టీరియా దాదాపు ఉండదు. రిపోర్ట్ నెగటివ్ వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

సరిగ్గా ఇవ్వాలంటే.. నోరు మామూలు నీళ్లతో పుక్కిలించండి. ఆరుబయట, మనుషులు లేనిచోట నిలబడండి. రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి తీసుకుని వదలండి. తర్వాత ఛాతీ లోతుల్లోంచి దగ్గి, చిక్కగా వచ్చిన తెమడను డబ్బాలో వేయండి. కనీసం రెండు మిల్లీలీటర్లు ఉండాలి. ఉదయం లేవగానే ఇచ్చేది మేలు, రాత్రంతా పేరుకుని ఉంటుంది. సాధారణంగా రెండు శాంపిల్స్ అడుగుతారు, ఒకటి అప్పటికప్పుడు, ఇంకోటి తెల్లారి. డబ్బా మూత గట్టిగా బిగించండి.

ఆడవాళ్ల విషయంలో ఇంకో సమస్య. నలుగురి ముందు గట్టిగా దగ్గి కళ్లె తీయడానికి సిగ్గుపడతారు. చాలా ఆస్పత్రుల్లో దానికంటూ ఒక చోటే ఉండదు. "ఆ వరండా చివర్లోకి వెళ్లి తీయమ్మా" అంటారు. ఆ అమ్మ కాస్త ఉమ్మి పోసి డబ్బా ఇచ్చేసి వచ్చేస్తుంది. పైగా పెళ్లికాని అమ్మాయికి టీబీ అని తెలిస్తే సంబంధాలు రావేమోనన్న భయం. అత్తారింట్లో అయితే పుట్టింటికి పంపేస్తారేమోనన్న భయం. ఒక మూల తలుపున్న చిన్న షెడ్డు వేస్తే ఎన్ని నెగటివ్ రిపోర్టులు మారతాయో! దీనికి జీన్ టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

పిల్లలు కళ్లె తీయలేరు, మింగేస్తారు. అందుకే వాళ్లకు పొద్దున్నే ఖాళీ కడుపుతో ముక్కు ద్వారా సన్నటి గొట్టం వేసి కడుపులోని ద్రవం తీసి పరీక్షిస్తారు. మలంతో కూడా జీన్ పరీక్ష చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కళ్లె రాని పెద్దవాళ్లకు ఉప్పు నీటి ఆవిరి పట్టించి తెప్పిస్తారు. అప్పటికీ కాకపోతే బ్రాంకోస్కోపీ.

పాజిటివ్ అని తేలిన రోజే ఇంకో పరీక్ష కావాలి

పక్కనున్న తమిళనాడు ఇక్కడ ఒక మంచి పని చేసింది. 2022లో మొదలుపెట్టిన 'కాసనోయ్ ఎరప్పిల్లా తిట్టం'.. అంటే టీబీ మరణాలు లేని పథకం.. కింద, టీబీ అని తేలిన మనిషికి అప్పటికప్పుడు కొన్ని చూస్తారు. ఎత్తుకు తగ్గ బరువు ఉందా, కాళ్లు వాచాయా, ఊపిరి ఎంత వేగంగా తీస్తున్నాడు, ఆక్సిజన్ ఎంత ఉంది, ఎవరూ పట్టుకోకుండా నిలబడగలడా. వీటిలో పరిస్థితి బాగోలేదనిపిస్తే మందుల ప్యాకెట్ ఇచ్చి ఇంటికి పంపకుండా ఆస్పత్రిలో చేర్చుకుంటారు. టీబీ మరణాల్లో ఎక్కువ భాగం చికిత్స మొదలైన తొలి వారాల్లోనే జరుగుతాయి కాబట్టి ఈ ఐదు నిమిషాల పరీక్ష ప్రాణాలు కాపాడుతోంది. దీనికి కావాల్సింది ఒక తూకం యంత్రం, వేలికి పెట్టే ఆక్సీమీటర్. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి టీబీ యూనిట్‌లో ఇది చేయడానికి అడ్డేంటో అర్థం కాదు.

తిండి సంగతి కూడా అంతే. జార్ఖండ్‌లో జరిగిన 'రేషన్స్' అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. టీబీ రోగుల కుటుంబాలకు నెలనెలా అదనపు ఆహారం ఇస్తే, ఆ ఇంట్లోని మిగతావాళ్లకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. చికిత్స సాగినన్ని నెలలు రోగి ఖాతాలో వేసే నిక్షయ్ పోషణ్ డబ్బును 2024 నవంబర్ నుంచి నెలకు 500 రూపాయల నుంచి 1,000కి పెంచారు. నలుగురున్న ఇంట్లో వెయ్యి రూపాయలకు ఎన్ని గుడ్లు, ఎంత పప్పు వస్తుందో లెక్కేసుకోవచ్చు.

వందేళ్ల కిందట టీబీ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంకు పంపేవారు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి.. అప్పట్లో అదే వైద్యం. మందులు వచ్చాక 1950ల చివర్లో మద్రాసులో జరిగిన ఒక అధ్యయనం, ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంతగా నయమవుతుందని నిరూపించింది. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడటానికి అదీ ఒక కారణం. కాబట్టి టీబీ అనగానే ఎర్రగడ్డలోనో విశాఖ ఛాతీ ఆస్పత్రిలోనో నెలలకొద్దీ ఉండాలేమో అని భయపడక్కర్లేదు. చాలామందికి ఇంట్లోనే, పని చేసుకుంటూనే తగ్గిపోతుంది. సరైన మందులు మొదలైన కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గుతుంది.

మీరు ఏం చేయాలి?

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, కళ్లెలో రక్తం.. వీటిలో ఏది ఉన్నా దగ్గర్లోని పీహెచ్‌సీ, బస్తీ దవాఖానా లేదా విలేజ్ క్లినిక్‌లో "కళ్లె పరీక్ష చేయండి, వీలైతే సీబీనాట్ లేదా ట్రూనాట్ చేయించండి" అని నోరు తెరిచి అడగండి. మీ ఊళ్లో యంత్రం లేకపోతే శాంపిల్‌ను యంత్రం ఉన్నచోటికి పంపే ఏర్పాటు ఉంటుంది. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తకు చెప్పినా చాలు. ప్రైవేట్ డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు, కళ్లె ఇవ్వకముందే బలమైన యాంటీబయాటిక్ రాస్తుంటే "ముందు శాంపిల్ ఇచ్చి తర్వాత వాడొచ్చా సార్?" అని ఒక్క మాట అడగండి. టీబీ అని తేలితే షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేస్తారు, అది రూల్. కంగారు పడొద్దు.

ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే ఆ ఇంట్లో ఉన్న అందర్నీ, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లల్ని వెంటనే పరీక్ష చేయించాలి. జబ్బు లేదని తేలినవాళ్లకు రాకుండా ముందస్తు మందులు ఇస్తారు, అవీ ఉచితమే. సందేహాలకు జాతీయ టీబీ హెల్ప్‌లైన్ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-6666.